మామగారి కోసం గచ్చు

అల్లుళ్ళు మామగార్లకి సవాలక్ష మర్యాదలు చేస్తారు. నేను చేసినటువంటి మర్యాద మాత్రం పగవాడు కూడా పగవాడికి చేసి ఉండడు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ముద్ద దిగదు. మీరు నవ్వుకోండి, మీదేం పోయింది?

ఖరగ్‌పూర్‌లో మాది పాతకాలం ఇల్లు. వెనక పెరడు, పెరటి చివర మరుగుదొడ్డి. ఒక వానాకాలం మామగారు చెంబుతో అటు వెళ్తూ బురదలో జారి పడ్డారు. ఆయన రిటైరైన రైల్వే గార్డు, నిద్ర కూడా రూలు ప్రకారం పోయే మనిషి. లేచి, "ఈ పెరడు బాగుపడితేగానీ మీ గుమ్మం తొక్కను" అని శపథం చేసి విజయనగరం వెళ్ళిపోయారు. ఆనాటి నుంచి మా ఆవిడ లక్ష్మి నాతో మాట్లాడటం తగ్గించేసింది. మాట్లాడినా బురద గురించే.

ఆయన్ని మళ్ళీ రప్పించాలని రాళ్ళ కొట్లన్నీ తిరిగాను. ఏ నున్నటి రాయి చూసినా దాని మీద మామగారు జారుతున్నట్టే కనిపించేది. చివరికి గరుకు సిమెంటు గచ్చు ఖాయం చేసి, పెరడు బాగుపడుతోందని ఆయనకి కబురు పెట్టాను.

"నాన్నొచ్చే రోజే ఎందుకండీ ఎయించడం?" అంది లక్ష్మి.

"దోసె వేడిగానే పెట్టాలి, గచ్చు కొత్తగానే చూపించాలి" అన్నాను. నా తెలివి తెల్లారిపోను!

మామగారు దిగారు. లుంగీ, బనీను వేసుకుని పనసపొట్టు కూరతో భోజనం దట్టించి, పెరటి గుమ్మంలో నిలబడి, "శభాష్ బాబూ! ప్లాట్‌ఫారం లాగుంది" అన్నారు. నా ఛాతీ ఉబ్బింది. బెంగాలీ మేస్త్రీ తాపీ కడుక్కుంటూ, "దాదా, కేఉ పా దేబే నా!" అన్నాడు. రేపటిదాకా ఎవరూ కాలు పెట్టకూడదట. "ఠీక్ హై" అన్నాను దర్జాగా.

అప్పుడు మామగారు చెయ్యి చాపారు. "అమ్మా లక్ష్మీ, సెంబు."

లక్ష్మి చెంబు తెచ్చి, పెరటి చివరిదాకా పరుచుకున్న తడి గచ్చు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏటండీ, నాన్న ఎలాగెల్తాడు?"

"ఎక్కడికి?" అన్నాను. నిజంగానే అడిగాను.

ఇల్లలకగానే పండగ కాదన్నారు పెద్దలు. పెరడు అలికితే ఏమవుతుందో చెప్పకుండా పోయారు.

"ఎదురింటి దీదీని అడగనా, మావయ్యగారూ?"

"సెంబట్టుకుని ఒకరి గుమ్మం ఎక్కుతానేటి? గార్డుగా సేసినోణ్ణి! స్టేషన్‌కి పద. అది నా సొంతిల్లు."

స్కూటరెక్కించాను. ప్రతి గోతి దగ్గరా "మెల్లగా బాబూ!", గొయ్యి దాటగానే "బేగి పోనీ బాబూ!" ఆయన బాధ చూడలేక నాకు ఏడుపొచ్చింది. తీరా వెళ్తే ప్లాట్‌ఫారం మీది మరుగుదొడ్ల ముందు ఇంత పొడవు వరస. ఎదురుగా మా ఊళ్ళవైపు వెళ్ళే బండి ఆగి ఉంది. నేను నోరు తెరిచేలోగా మామగారు పెట్టెలోకి దూరిపోయారు. ఈ కంగారులో ఆయన చెప్పులు నా కాళ్ళ దగ్గరే ఉండిపోయాయి.

ఆ చెప్పులకి కాపలా కాస్తూ పావుగంట నిలబడ్డాను. కూత వేసింది. బండి కదిలింది.

"మావయ్యగారూ!" అంటూ చెప్పులు పట్టుకుని పరుగెత్తాను. పొద్దస్తమానం నా కొట్లో కూర్చుని బేరాలాడే కాళ్ళు, బండితో పోటీ పడతాయా? ఆయాసపడుతూ ఇంటికి ఫోన్ చేశాను.

"లక్ష్మీ, మీ నాన్న బండెక్కేశారు."

"వచ్చిన పూటే పంపించేసినారేటండీ!" అని ఒక్కసారి బావురుమంది. భూమి బద్దలై నన్ను మింగేస్తే బాగుండుననిపించింది.

తరవాత ఎవరిదో ఫోన్ నుంచి మామగారు. "అల్లుడూ, బండి ఎక్కడా ఆగలేదు, బాలాసోర్ దాటినాం. టీటీ టికెట్టడుగుతున్నాడు. గార్డునంటే నా లుంగీ కేసి సూసి నవ్వుతున్నాడు. జన్మలో టికెట్టు లేకుండా బండెక్కనోణ్ణి!"

"బండి అంతసేపు ఆగింది కదా మావయ్యగారూ! పని చూసుకుని దిగిపోవాల్సింది."

"బుర్రుందేటి నీకు? స్టేషన్లో ఆగిన బండిలో వాడకూడదని రూలు. అందుకే కదిలేదాకా బిగబట్టుకుని కూకున్నాను!"

అందుచేత, మహాజనులారా, ఆ చెప్పుల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఈ జన్మలో మళ్ళీ గచ్చు వేయించను. వేయించక తప్పని రోజొస్తే, ఇంటిల్లిపాదినీ వరసగా లోపలికి పంపి, చివరి మనిషి బయటికొచ్చి "అయింది" అన్నాకే మేస్త్రీ చేత సిమెంటు తడిపిస్తాను.