సముద్రం మీద తేలిన రసాలు

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి వేసవి. ఆగిరిపల్లిలో మామిడితోట కౌలుకు చేస్తూ, ఊళ్ళో కోతలరాయుడినని పేరుపడ్డ నేను, భార్యతో, ఆరేళ్ళ కూతురు చిట్టితో నాగాయలంక వెళ్ళి, అక్కడినుంచి పడవలో ఒక దీవికి పోయాను. తెల్లటి ఇసుక, నిద్రలో ఊగుతున్నట్టున్న నీళ్ళు. మామిడిపళ్ళ బుట్ట చల్లగా ఉంటుందని నీటి అంచున పెట్టి కునుకు తీశాను. తోటలవాళ్ళం, సముద్రపు పోటు సంగతి మాకేం తెలుసు?

కళ్ళు తెరిచేసరికి బుట్ట తిరగబడి ఉంది. నీళ్ళనిండా పసుపుపచ్చని రసాలు దీపాల్లా తేలుతున్నాయి. చిట్టి వాటిని ఒళ్ళోకి ఏరుకుంటూ నడుంలోతులోకి వెళ్ళిపోయింది. నాకు ఈత రాదు.

"వెనక్కి రావే, అల లాగేస్తది!"

"మళ్ళీ కోతలా నాన్నా!" అని నవ్వి ఇంకో అడుగు వేసింది.

ఏం తోచక, తోట కాపలావాళ్ళలా "ఎవర్రా అది, కాయలు కోసేది?" అని అరిచాను. అంతే, పళ్ళన్నీ వదిలేసి ఒడ్డుకు ఒకటే పరుగు!

"పక్కతోటలో ఇంకెప్పుడూ కొయ్యను నాన్నా" అంది.

"ఎన్నాళ్ళ నుంచే ఈ దొంగతనం?" అన్నాను.

మా ఆవిడ పిల్లను వాటేసుకుని, "ఊరుకోండి, దొంగ కాబట్టే బతికింది" అంది.

ఇది రాస్తుంటే ఇందులో ఒక తిమింగలాన్ని చేర్చాలని చెయ్యి దురదపెట్టింది. కానీ ఆ రోజు తలచుకుంటే నాకు అబద్ధం రావడంలేదు.