ఆసిఫాబాద్ పాత బజారులో మిగిలిన అరుగు

నా ఇత్తడి బిందె అడుగున చిల్లు పడింది. కరీంనగర్‌లో మూడు దుకాణాలు తిరిగాను. ముగ్గురిదీ ఒకటే మాట, పాతది తూకానికి వేసి కొత్తది తీసుకోమని. ఇన్నేళ్లు నా ఇంట్లో నీళ్లు మోసిన బిందెను తూకానికి వేయడానికి మనసొప్పలేదు. నేను నర్సుగా పనిచేసే ఆసుపత్రిలో ఒక పేషెంటు వెంట వచ్చినావిడ, "ఆసిఫాబాద్ పాత బజార్ల ఇంకా మాటేసి ఇస్తరు సిస్టరమ్మా" అని చెప్పింది. మాటు అంటే చిల్లు మీద లోహం కరిగించి అతకడం. నాకు వారానికి ఒక్క రోజు సెలవు. దాన్ని బట్టలుతుకుతూ తగలేయడం కంటే బస్సెక్కడం మేలని నా నమ్మకం.

పొద్దున ఐదున్నరకు మంచిర్యాల బస్సు ఎక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్, కాబట్టి దారి ఖర్చు లేదు. ఒళ్లో బిందె పెట్టుకున్న నన్ను చూసి కండక్టరు, "నీ కార్డు సరే అక్కా, బిందె కార్డేది?" అన్నాడు. బస్సంతా నవ్వింది. గోదావరిఖనికి పోతున్న పక్కసీటు పెద్దావిడ మాత్రం నవ్వలేదు. బిందెను వేళ్లతో కొట్టి చప్పుడు విని, "గిసొంటియి ఇప్పుడు దొర్కయి బిడ్డా. గట్టిగ పట్టుకో" అంది.

మంచిర్యాల బస్టాండ్ ఎదుట ఇడ్లీ తిన్నాను. మీరూ తినండి, కానీ చట్నీ కారం, నీళ్ల సీసా దగ్గర పెట్టుకోండి. అక్కడి నుంచి ఆసిఫాబాద్ బస్సు. బెల్లంపల్లి దాటాక కిటికీ పక్కన కూర్చున్నవాళ్లు అదృష్టవంతులు, అంతా టేకు చెట్లే. పది దాటాక దిగాను.

పెద్ద రోడ్డు మీద కొత్త షోరూములు. వాటిని దాటి లోపలికి నడిస్తే పాత బజారు. పైన చూస్తే పెంకులు, చెక్క స్తంభాలు, నగిషీ చెక్కిన దూలాలు. కింద చూస్తే అద్దాల తలుపులు. ఒకప్పుడు ప్రతి దుకాణం ముందూ రాతి అరుగు ఉండేదట. ఇప్పుడు ఆ చోట కార్లు ఆపుకోవడానికి సిమెంటు చేశారు. నేను చూసినంతసేపూ ఒక్క కారూ ఆగలేదు. ఒక్క ఇత్తడి సామాన్ల దుకాణం ముందు మాత్రం అరుగు మిగిలి ఉంది. మోకాలెత్తు నల్లరాయి, కూర్చునీ కూర్చునీ నున్నబడింది. కాళ్లు లాగుతున్నాయి, ఎవరినీ అడగకుండానే కూర్చున్నాను.

దుకాణదారు శంకరయ్య బిందెను వెలుతురుకెత్తి చూశాడు. "మాటు పడ్తది. గని జర ఆగాలె, పొద్దుగూకుతది. కూసో బిడ్డా. అరుగు ఉన్నప్పుడే కూసో. మధ్యాహ్నం మేస్త్రి వస్తుండు, పగలగొడ్తడు."

గతుక్కుమన్నాను. మేస్త్రిని పిలిచింది శంకరయ్య కోడలు లావణ్య. దుకాణం ఇప్పుడు ఆమే నడుపుతోంది. చాయ్ గ్లాసు నా చేతికిచ్చి, నేనేదో కేసు పెట్టినట్టు సంజాయిషీ చెప్పుకుంది.

"నాకు మాత్రం సరదానా అక్కా? అందరు తీసేసిండ్రు. గిరాకీ అంత రోడ్డు మీది షోరూములకు పోతుంది. మనకు సుత అద్దం తలుపు, బండ్లు ఆపెతందుకు జాగ ఉండాలె కద. ఈ పెళ్లిళ్ల సీజన్ల దుకాణం లేవకపోతే తాళమేసి శ్రీరాంపూర్ పోతం. మా ఆయన అక్కడ బొగ్గు బాయి కాడ కాంట్రాక్టు పని చేస్తుండు. ఎన్నొద్దులని ఆయనొక తాన, మేమొక తాన ఉంటం?"

ఆమెను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. శంకరయ్యను మెల్లగా అడిగాను, మీకిష్టమేనా అని.

"దుకాణం లావణ్యది. నేను అడ్డం రాను" అని పొయ్యి రాజేసుకోవడంలో పడ్డాడు. అరుగు వైపు చూడనైనా లేదు. ముసలాయన మీద నాకు జాలీ వేసింది, కోపమూ వచ్చింది.

అంతలో జైనూర్ బస్సు దిగిన గోండు పెళ్లివారు గుంపుగా వచ్చారు. "రాం రాం" అంటూ అందరికంటే ముందొచ్చి కూర్చున్నది పెళ్లికూతురి మేనత్త సోంబాయి. అరుగంతా నిండిపోయింది. పసివాళ్లను పడుకోబెట్టారు. లావణ్య ఒక ఇత్తడి చెంబు తెచ్చి ఇచ్చింది. సోంబాయి దాన్ని లోపలా బయటా చూసి, తట్టి, పక్కవాళ్లకిచ్చింది. వాళ్లూ అంతే. చెంబు ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి నడుచుకుంటూ నా దాకా వచ్చింది. నేను పక్కకివ్వబోతే సోంబాయి ఊరుకోలేదు.

"నువ్వు సుత చూడు. వరుసల కూసున్నవ్ కద! మా తాన గంతే, అందరి చేతులకు పోవాలె. చూడనోళ్లు ఉంటే పెళ్లిల మూతి ముడుస్తరు."

నేనూ తట్టి చూశాను. బాగుందన్నాను. నా మాటకూ తలలూపారు. ఎవరి పెళ్లో, ఎవరి చెంబో, నాకు మాత్రం కళ్లు చెమర్చాయి.

మేస్త్రి గడ్డపారతో వచ్చేసరికి చెంబు అయిపోయి గంగాళం చేతులు మారుతోంది. పెళ్లివారిని లేవమని ఎవరంటారు? "లేచినంక కొడ్తువు గని ఆగు" అంది లావణ్య. ఆయన కాసేపు నిలబడి, గడ్డపార గోడకానించి, తనూ అరుగు చివర కూర్చున్నాడు. వరుసలో ఉన్నాడు కదా, గంగాళం ఆయన చేతికీ వచ్చింది.

మధ్యాహ్నం లావణ్య నాకు జొన్నరొట్టె, వంకాయ కూర పెట్టింది. తింటుండగా ఎదుటి బట్టల దుకాణం సేటు తన అద్దం తలుపు తోసుకుని చీరల మూట చంకన పెట్టుకుని వచ్చాడు. అరుగు మీదే మూట విప్పాడు. గాజులావిడ కూడా గంప తెచ్చుకుంది.

లావణ్యకు ఆశ్చర్యం వేసినట్టుంది. "సేటూ, మీ దుకాణంల ఏసీ ఉన్నది కద. అక్కడికే తోలుకపోరాదు?"

"రారమ్మా," అన్నాడు సేటు, చీర మడత విప్పుతూనే. "అద్దం కాడికొచ్చి, చెప్పులెక్కడ ఇడువాల్నో తెలువక, అందరు కలిసి ఎక్కడ కూసోవాల్నో తెలువక, ఎనక్కి పోతరు. నా అరుగు నేనే పగలగొట్టుకుంటి. ఇగ ఇప్పుడు మీ అరుగు మీదనే బతుకుతున్న."

లావణ్య లోపలికెళ్లి కుండలో నీళ్లు తెచ్చి పెళ్లివారికి పోసింది. తర్వాత చాలాసేపు గడప మీద నిలబడి చూస్తూనే ఉంది.

సాయంత్రం జైనూర్ బస్సుకు వేళయింది. మూటలతో అందరూ లేచారు. అరుగు ఖాళీ అయింది. మేస్త్రి గడ్డపార అందుకుని, "ఏమంటవమ్మా, కొట్టుమంటవా?" అన్నాడు. సేటు చీరలు మడవడం ఆపాడు. లోపల శంకరయ్య మాటు వేసిన నా బిందెను తుడిచిందే తుడుస్తున్నాడు.

లావణ్య వచ్చి అరుగు మీద కూర్చుంది. పొద్దుటి నుంచి ఆమె కూర్చోగా చూడడం అదే మొదలు.

"గా చివరి రాయి కదులుతుంది మేస్త్రీ. ముసలోళ్లు పడ్తరు. జర సిమెంటు పెట్టు."

"మరి పగలగొట్టుడు?"

"వద్దు."

సేటు గొంతు సవరించుకున్నాడు. "రేపు మా తానికి రా మేస్త్రీ. గడ్డపార ఇంట్ల పెట్టి తాపీ పట్టుకరా."

శంకరయ్య బిందె తెచ్చి నా చేతికిచ్చాడు.  వెళ్లి అరుగు మీద కోడలి పక్కన కూర్చున్నాడు.

లావణ్య నన్ను స్కూటీ మీద బస్టాండ్‌లో దింపింది. "మామ వద్దంటే కొట్లాడన్న పగలగొట్టిద్దునక్కా. పొద్దంత ఒక్క మాట అనకపాయె" అంది, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ. శ్రీరాంపూర్ సంగతి అడిగాను. "ఈ సీజన్ చూస్తం. నడిస్తే ఆయననే రమ్మంట."

ఆసిఫాబాద్ వెళ్లేవాళ్లకు నేను చెప్పేది కొంచెమే. పాత బజారుకు తప్పక వెళ్లండి. కొనేది ఏమీ లేకపోయినా ఫరవాలేదు, కాసేపు కూర్చోండి, మీ చేతికి వచ్చినదాన్ని తట్టి చూసి పక్కవాళ్లకివ్వండి. నాలుగు దుకాణాలు బతికేది అలాంటి కూర్చోవడం వల్లనేనని నాకు ఆ రోజు తెలిసింది.

మంచిర్యాలలో బస్సు మారాను. శ్రీరాంపూర్‌లో పని దిగిన కార్మికులు టిఫిన్ డబ్బాలతో ఎక్కారు. సీట్లు లేక నిలబడ్డారు, అలసిపోయి ఉన్నారు. ఆ మొహాల్లో లావణ్య భర్త ఎవరై ఉంటాడా అని వెతికాను. నేనెన్నడూ చూడని మనిషి. పోల్చుకోగలిగితే బాగుండుననిపించింది. నీ దుకాణం ముందు అరుగు అట్లనే ఉంది తమ్ముడూ, వచ్చి కూర్చో అని చెప్పేదాన్ని.