వంకాయరంగు జాకెట్టు

డెబ్బయ్యో దశకం మొదట్లో చోడవరంలో మాలాంటి ఆడపిల్లలకి కుట్టు నేర్పే ఆవిడ ఒక్కతే ఉండేది. అందరూ మేస్టరమ్మ అనేవారు. భర్త టైలరు. ఆయన పోయాక ఆయన మిషను వీధిగదిలో వేసుకుని పొద్దున్న కుట్టేది, మధ్యాహ్నం నేర్పేది. ఎండాకాలమైనా సరే, పమిట భుజాల చుట్టూ నిండా కప్పుకునే కూర్చునేది. నోరు మాత్రం కత్తెర కంటే పదును.

ఆ గదిలో నాకు చోటు దొరకడమే గొప్ప. మా నాన్న గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి చెరకు బళ్లు తోలేవాడు. అమ్మ ఒక రైతుగారింట్లో అంట్లు తోమేది. ఎనిమిదో తరగతితో నా చదువు ముగిసింది, ఇక మిగిలింది చెరకు తోటలో కూలి. ఆ ఆకులు చేతుల్ని ఎలా కోస్తాయో ఒక సీజనంతా చూశాను. ఇంకో సీజను చూడదలచుకోలేదు. అమ్మ ప్రాణం తీసి, మేస్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లేదాకా ఊరుకోలేదు.

"కొన్నాళ్లు సూస్తానే గుంటా. సెయ్యి తిరిగితే ఉంచుతాను, నేదంటే నీ దారి నీది," అంది మేస్టరమ్మ.

మా వైపు ఆడవాళ్లు టైలరుకి ఒంటి కొలతలివ్వరు. సరిగ్గా సరిపోయే పాత జాకెట్టు ఒకటి ఇస్తారు, దాన్ని చూసుకుని కొత్తది కుట్టాలి. దాన్నే ఆది జాకెట్టు అంటారు. మేస్టరమ్మ మొదటి పాఠం కూడా దానితోనే. ఎవరి ఆది జాకెట్టు వాళ్లు తెచ్చుకుని, కుట్లన్నీ విప్పి, ముక్కలు పాత పేపరు మీద పరిచి గీసుకోవాలి. అప్పుడుగానీ జాకెట్టంటే ఏమిటో తెలీదు అనేది.

అందరూ హాయిగా తలలూపారు. నాకున్నవి రెండే జాకెట్లు. ఒకటి ఒంటిమీదుంది. రెండోది అమ్మ పనిచేసే ఇంటి అమ్మగారు ఇచ్చేసిన వంకాయరంగుది. ఆవిడ భారీ మనిషి. నేను దాన్ని కొయ్యకుండా, మిగులు గుడ్డంతా లోపలికి మడిచి చేత్తో కుట్టి బిగించుకుని తొడుక్కునేదాన్ని. చంక కింద ఒక అతుకు కూడా ఉంది. ఆ ఇంటి అమ్మాయి నాతోపాటే కుట్టు నేర్చుకుంటోంది. మర్నాడు మానేద్దామా అనుకున్నాను. మానేస్తే చెరకు తోటే. వెళ్లాను.

గోడ వైపు తిరిగి కూర్చుని కుట్లు విప్పాను. విప్పుతున్నకొద్దీ ఆ జాకెట్టు పెరుగుతూ వచ్చింది. పైన ఎండకి వెలిసి బూడిదరంగులోకి దిగిన గుడ్డ, లోపలి మడతల్లో మాత్రం ఇంకా కొత్త వంకాయలా నిగనిగలాడుతోంది. పేపరు మీద పరిస్తే నాలాంటివాళ్లు ఇద్దరు పట్టేంత అయింది.

"ఇది మా అమ్మ జాకెట్టు కదూ!" అంది ఆ అమ్మాయి. వెక్కిరించలేదు. పోయిన వస్తువు దొరికినట్టు సంబరపడింది. వెక్కిరించినా బాగుండేది, తిరిగి ఒక మాట అనేదాన్ని.

గదిలో అందరూ లేచి వచ్చారు. మేస్టరమ్మ వంగి ముక్క చేతిలోకి తీసుకుంది.

"దీన్నెవులు బిగించేరే?"

"నానే," అన్నాను.

"సూడండర్రా! కత్తెరెట్టకుండా మడిసింది. రేపు ఒళ్లొస్తే ఇప్పుకోవచ్చు. బుర్రంటే ఇదీ!" అని ముక్కల్ని అందరి చేతులకీ ఇచ్చింది.

మెచ్చుకోలే. నాకు మాత్రం చెవులు కాలిపోయాయి. నా చెమట మరకలు, నా అతుకు, చేతులు మారుతూ గదంతా తిరుగుతున్నాయి. ఆ అమ్మాయి, వాళ్లమ్మ జాకెట్టు చేతిముక్క పట్టుకుని నవ్వుతూ చూస్తోంది. నేను తలెత్తలేదు. సాయంత్రం అందరూ వెళ్లాక మేస్టరమ్మ, "రేపట్నుంచి మిషనెక్కు," అంది. చెరకు తోట తప్పింది. అంత పెద్ద వరం దొరికినా నాకు ఏడుపే వచ్చింది. ముక్కలు ఓణీలో మూటకట్టుకుని ఇంటికెళ్లి మళ్లీ కుట్టుకున్నాను. ఉతికినది ఆరేదాకా అదే గతి కాబట్టి, దాన్నే తొడుక్కుని ఆ గదికే వెళ్లాను.

ఆవిడ మీద కోపంతోనే సగం పని నేర్చుకున్నాను. చంక తిప్పడం, మెడ కోయడం, కాజాలు, అన్నీ ఆవిడ పెట్టిన భిక్షే. అయినా కొన్నేళ్ల తర్వాత వడ్డాది రోడ్డులో నా మిషను నేను పెట్టుకున్నప్పుడు, ఆవిడకి చెప్పి రావడానికి కూడా మనసొప్పలేదు. నా దగ్గర నేర్చుకునే పిల్లలకి షాపులో మిగిలిన గుడ్డతో నేనే ఒక జాకెట్టు కుట్టి, అది విప్పమనేదాన్ని.

ఒక మధ్యాహ్నం మేస్టరమ్మే వచ్చింది. కళ్లు మసకలొచ్చి కుట్టడం మానేసిందట. కొత్త గుడ్డ, పేపర్లో చుట్టిన ఆది జాకెట్టు నా చేతిలో పెట్టింది. కొలతకి దాన్ని సగం తిరగేశాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"తిరగెయ్యకే. పైనుంచే కొలుసుకో."

అప్పటికే చూసేశాను. పక్క కుట్టు పొడుగునా పాత కుట్టు తాలూకు సూది బెజ్జాలు వరసగా ఉన్నాయి. చేతులకి వేరే గుడ్డ అతికి ఉంది. ఇంకెవరో లావుపాటి మనిషి జాకెట్టు అది. లోపలికి బాగా మడిచి ఉంది, నాదానిలాగే.

కుట్టు నేర్చుకుంటున్న పిల్లల్ని దారం కొనుక్కురమ్మని పంపించేశాను. వాళ్లు మెట్లు దిగారో లేదో నా కోపం ఆగలేదు.

"ఇంతా తెలిసి, ఆ రోజు నాదొక్కదాన్నే ఎందుకు అందరికీ చూపించారు మేస్టరమ్మా? మీది విప్పి చూపించలేకపోయారా?"

ఆవిడ పమిట భుజాల మీదికి లాక్కుని వీధి వైపు చూసింది.

"నాది ఇప్పితే నా దగ్గర నేర్సుకోడానికి ఎవులొస్తారే?"

అడిగినందుకు నాకు సిగ్గేసింది. వెనకటి సిగ్గు దీని ముందు చాలా చిన్నది. జాకెట్టు బల్ల మీద పెట్టి, టేపు తీసి, పైనుంచే కొలిచాను. పిల్లలు తిరిగొచ్చేలోపు దాన్ని మళ్లీ పేపర్లో చుట్టి ఆవిడ ఒళ్లో పెట్టేశాను.