ఎరుపు తీగె, నలుపు తీగె

అరవయ్యో దశకం మొదట్లో వికారాబాదులోని ఒక వృత్తివిద్యా పాఠశాలలో కరెంటు పని నేర్పేవాణ్ణి. మర్పల్లి దగ్గర వ్యవసాయం చేసుకునే కుటుంబం మాది. మా ఇంట్లో అప్పటికింకా కరెంటు లేదు, కందిలి దీపమే. నాకెలా నేర్పారో నేనూ అలాగే నేర్పేవాణ్ణి. "ఎర్రది స్విచ్చుకు, నల్లది హోల్డరుకు" అని పొద్దున్నే అందరిచేతా వల్లె వేయించి, చెక్కబోర్డుల ముందు నిలబెట్టేవాణ్ణి.

పెద్దేముల్ నుంచి వచ్చిన పద్దెనిమిదేళ్ల విద్యార్థి ఒకడు ఉండేవాడు. తీగె మీది రబ్బరు ఒలిస్తే లోపలి రాగిపోగు ఒక్కటి కూడా తెగేది కాదు. అంత నేర్పరి, ఎరుపు ఉండాల్సిన చోట మాత్రం నలుపు బిగించేవాడు. మొదట్లో నవ్వాను, తర్వాత తిట్టాను. ఒకరోజు అందరి ముందూ బోర్డు లాక్కొని, "కరెంటుతోని పరాచికాలా? ఇంటికి పోయి నాగలి పట్టుకో" అన్నాను. పనిముట్లు తుడిచిపెట్టి వెళ్లిపోయాడు. మూడు రోజులు రాలేదు.

ఆదివారం రైల్లో తాండూరు వెళ్లి, అక్కడినుంచి బస్సులో పెద్దేముల్ చేరాను. వాళ్లమ్మ కోసుకొచ్చిన మిరపకాయలు ఏరుతోంది. అతను పక్కనే ఊరికే కూర్చున్నాడు.

"నువ్వు ఏర్తలేవేంది?" అన్నాను, ఏదో మాట కలపాలని.

"వానితోని గాదు సారూ," అంది తల్లి. "పండుదేదో పచ్చిదేదో చిన్నప్పటిసంది తెల్వదు. ఎన్ని దెబ్బలు దిన్నడో."

సంచిలోంచి ఎర్రదొకటి, నల్లదొకటి తీగె ముక్కలు తీసి అతని చేతిలో పెట్టాను.

"గివి ఎట్ల గనపడ్తున్నయ్ నీకు?"

"రెండూ నల్లగనే ఉన్నయ్ సార్."

"మరి చెప్పలేదేంది?"

"అందరికీ గట్లనే గనపడ్తయనుకున్న. నాకే తెలివి లేదనుకున్న."

"తప్పు నాదే. రేపు బడికి రా" అన్నాను.

సోమవారం నుంచి వల్లెవేత మానిపించాను. బల్బు హోల్డరుకు రెండు తీగెలు కట్టి, ఒక కొసను నేలలోకి దిగే ఎర్తు తీగెకు, రెండోదాన్ని తెలియని తీగెకు తాకించడం నేర్పాను. బల్బు వెలిగితే ఆ తీగెలో కరెంటు ఉన్నట్టు, స్విచ్చుకు పోవాల్సింది అదే. దానికి గుర్తు కట్టి, మెయిను ఆపి, అప్పుడు పని మొదలుపెట్టాలి. "రంగును నమ్మకుండ్రి. ముందటోడు ఎట్ల బిగించిండో మీకేం ఎరుక?" అన్నాను. ఆలస్యమవుతోందని మిగతావాళ్లు గొణిగారు. నిజంగానే ఆలస్యమయ్యేది.

పరీక్షకు వచ్చిన అధికారి, "ప్రతి తీగెనూ ఎందుకు చూస్తున్నావు?" అని అతన్ని అడిగాడు. నేను నోరు విప్పేలోపే అతను ఉన్నదున్నట్టు చెప్పేశాడు. అధికారి మార్కులు వేశాడు కానీ నన్ను పక్కకు పిలిచి, "చెయ్యి మంచిది. స్తంభాలెక్కే పనికి మాత్రం పంపకండి" అన్నాడు. చాలాసేపు వాదించాను. ఆయన భయంలోనూ న్యాయం ఉందని తర్వాత అనిపించింది.

వెతగ్గా వెతగ్గా తాండూరులో కాలిన మోటార్లకు కొత్త తీగె చుట్టే దుకాణం దొరికితే అతన్ని వెంటబెట్టుకుని వెళ్లాను. అక్కడ వాడేదంతా ఒకే రంగు రాగితీగె. యజమాని ఏమీ అడగలేదు, కాలిపోయిన పంపు మోటారొకటి ముందు పెట్టి విప్పమన్నాడు. మళ్లీ అన్నే చుట్టాలి గనక, అతను పాత చుట్లు ఒక్కొక్కటే లెక్కపెడుతూ విప్పసాగాడు. నేను వెళ్లొస్తానన్నది అతనికి వినబడినట్టు లేదు.