సర్దడమంటే పైకెక్కించడం

"ఇల్లు రెడీగా పెట్టుకోండి మేడం, రేపు పొద్దున్నే వస్తం" అని సామాన్లు తరలించే కంపెనీ సూపర్వైజరు ఫోన్లో చెప్పి పెట్టేశాడు. రెడీగా అంటే ఎట్లా అని అడగాలని నాకు తోచనే లేదు. గోదావరి ఒడ్డున పుట్టినదానికి ఇల్లు సర్దడం ఇంకొకరు నేర్పాలా? కొంగు బిగించి, పనమ్మాయిని సాయం పెట్టుకుని, పొద్దుగూకేలోపు ఇంట్లో ఉన్న సమస్తాన్నీ పైకెక్కించేశాను. గిన్నెలు, డబ్బాలు సజ్జ మీదికి, పుస్తకాలు బీరువా మీదికి, పరుపులు చుట్టి బల్ల మీదికి, ఆ పరుపుల మీద మిక్సీ. అన్నిటికంటే ముందు, అన్నిటికంటే ఎత్తున, మా మేనత్త రేకు పెట్టె. మా ఆయనది ఎర్రుపాలెం వైపు మెట్ట ఊరు. మధ్యలో ఏదో అనబోతే, ఏరు చూడని వాళ్ళు మాట్లాడొద్దని నోరు మూయించాను.

తెల్లారి వచ్చిన సూపర్వైజరు గుమ్మంలో నిలబడి పైకీ కిందికీ చూసి, "ఇదేందమ్మా, అన్నీ పైనెక్కించిండ్రు? ఇవి దించేసరికే మధ్యాహ్నమైతది గదా!" అన్నాడు. మా ఆయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు గానీ, ఆ పేపరు ఊగుతున్న తీరు చూస్తే నవ్వు ఏ స్థాయిలో ఉందో తెలుస్తూనే ఉంది. అప్పుడు వెలిగింది నాకు. నేను ఇల్లు మారడానికి సర్దలేదు, గోదావరికి సర్దాను.

నా ఈడు వాళ్ళకు, దుమ్ముగూడెం నుంచి భద్రాచలం దాకా ఏటి పక్కన పెరిగిన వాళ్ళకు, ఈ సంగతి విడమర్చి చెప్పనక్కర లేదు. శ్రావణం వచ్చిందంటే మా ఊళ్ళో మంచిచెడ్డల కంటే ముందు నీళ్ళ కబురే అడిగేవారు. వరదొస్తోందని చాటే డప్పు వినపడగానే నాన్న గొడ్లను తోలుకుని గుట్ట మీది బడికి వెళ్ళేవాడు, అమ్మా మేనత్తా కలిసి ఇంటిని అటకెక్కించేవారు. దానికో వరస ఉండేది. ముందు విత్తనం వడ్లు, తర్వాత ఉప్పు, అగ్గిపెట్టెలు, ఆ తర్వాత బట్టలు, చిన్నా చితకా సామాను, అన్నిటికంటే చివర దేవుడి పటాలు. దేవుడి కంటే వడ్లు ఎక్కువా అని నాకు మహా విడ్డూరంగా ఉండేది. అడిగితే అమ్మ, "దేవునికి ఈతొస్తది, ఇత్తులకు రాదు" అనేది. నారు పోసినాక వరదొస్తే నారుమడి కొట్టుకుపోతుంది. నీళ్ళు తీశాక మళ్ళీ పోసుకోవడానికని దాచిన వడ్లవి. అవి తడిశాయంటే ఆ ఏడు పొయ్యిలో పిల్లి లేవదన్నమాటే.

మేనత్త మా ఇంట్లోనే ఉండేది. పెళ్ళైన రెండో ఏడే మామయ్య జ్వరంతో పోతే, ఆ రేకు పెట్టె ఒక్కటీ పట్టుకుని పుట్టింటికి వచ్చేసింది. అందులో ఆమె పెళ్ళినాటి చీరలుండేవి, ఎర్రదొకటి, పసుప్పచ్చదొకటి, ఇంకా ఒకటో రెండో. కట్టుకున్నది నేనెన్నడూ చూడలేదు. ఎండాకాలం నులకమంచం మీద ఆరేసి, సాయంత్రం కర్పూరం బిళ్ళలు వేసి మళ్ళీ మడతపెట్టేది. పిల్లలం ముట్టుకోబోతే చేతులు కడుక్కొచ్చినా ఒప్పుకునేది కాదు. అంత నవ్వుతూ తుళ్ళుతూ తిరిగే మనిషి ఆ పెట్టె దగ్గర మాత్రం ఎందుకంత గట్టిదైపోతుందో నాకు అర్థమయ్యేది కాదు.

ఒక ఏడు నీళ్ళు ఎప్పటికంటే తొందరగా వచ్చేశాయి. మేం అంతా ఎక్కించి ఊపిరి పీల్చుకుంటుండగా పక్కింటి చిన్నమ్మ వడ్ల బస్తా ఎత్తుకుని వాకిట్లోకి వచ్చింది. వాళ్ళది నడుమ ఒక్క నిట్టాడి గుంజ మీద నిలిచిన గుడిసె, అటక లేదు. వెనకాలే ఇంకో బస్తాతో చిన్నాయన. అమ్మ తెమ్మనేసింది. ఒక బస్తా ఎక్కించారో లేదో వెదురు బొంగులు కిర్రుమని నడుమ కిందికి వంగాయి. రెండోది పెడితే అటక మొత్తం కూలేటట్టుంది. చిన్నమ్మ పైకి చూసి, "ఉండనియ్ అక్కా, మా రాత గట్లున్నది" అని ఆ రెండో బస్తా చంకకెత్తుకుంది. అటక మీద విత్తనం కానిది, బరువున్నది ఒకటే ఉందని అందరికీ కనపడుతూనే ఉంది, కానీ దాని పేరెత్తడానికి ఎవరికీ నోరు రాలేదు.

అత్తే నిచ్చెనెక్కి పెట్టె దించింది. అమ్మ వద్దు వద్దంటూ చెయ్యి పట్టుకుంటే విదిలించుకుని, "గింజ మొలుస్తది. చీర మొలుస్తదా?" అన్నది. చీరలైనా మూట కట్టుకోమని అమ్మ బతిమాలింది గానీ, గుట్టెక్కేటప్పుడు అత్త నెత్తిన మా అందరి తిండికి బియ్యం మూట, చంకలో మా తమ్ముడు ఉండాలి. నీళ్ళు గడప దాటుతున్నాయి. పెట్టెను నడింటి గుంజకు పగ్గంతో కట్టేసి, ఏరు పోయేందుకు దారుండాలని ముందు తలుపూ వెనక తలుపూ బార్లా తెరిచి, గుట్టెక్కాం.

బడి అరుగు మీద అత్త ఏటివైపే చూస్తూ కూర్చునేది. నాకేమో ఒకటే ఆరాటం, నీళ్ళలో ఉన్న పెట్టెలోకి చేపలు పోతాయా అని. అడిగేశాను కూడా. అత్త నన్ను దగ్గరికి లాక్కుని, "పోతే పులుసు పెట్టుకుందాం తీ" అన్నది. నేను నవ్వాను, అమ్మ మాత్రం అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

నీళ్ళు తీశాక వెళ్ళి చూస్తే పెట్టె గుంజకే ఉంది. మూత తీస్తే చిక్కటి బురద, ఎర్రచీర రంగు పసుప్పచ్చ చీర మీదికి దిగిపోయి ఉంది. ఎన్ని నీళ్ళలో జాడించినా ఆ రంగు వదల్లేదు. చివరికి వాటిని కోసి పొరలు పరిచి బొంత కుట్టింది, ఎన్నో ఏళ్ళు ఆ బొంత కిందే పడుకున్నాం. ఊళ్ళో అందరికంటే ముందు చిన్నమ్మ వాళ్ళ నారుమడి పచ్చబడింది. అత్త సాయంత్రాలు నన్ను వెంటబెట్టుకుని ఆ గట్టు మీదికి పోయి, "అగో, నా పట్టుచీర ఆరేసిండ్రు సూడు" అనేది. అంత పెద్ద మనసుకు బాధ ఉండదనుకున్నాను. ఒకనాడు ఎవరూ లేరనుకుని ఆ ఖాళీ పెట్టెలో తల పెట్టి వాసన చూస్తూ కనపడింది. ఆమె వెళ్ళాక నేనూ తల పెట్టి చూశాను. కర్పూరం లేదు, బురద వాసనే ఉంది. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

సరే, మన సూపర్వైజరు దగ్గరికొద్దాం. వాళ్ళ పని చూస్తుంటే పొద్దు తెలియలేదు సుమండీ. గాలి బుడగల కవరు గాజు గ్లాసుకూ అదే, ప్లాస్టిక్ బకెట్టుకూ అదే. ఆఖరికి చీపురుకు కూడా చుట్టబోతే నేనే ఆపాను. పచ్చళ్ళూ నూనెలూ మాత్రం లారీ ఎక్కించబోమన్నారు, ఆ జాడీలు నా ఒళ్ళోనే. అడుగున బరువైనవి, మీద తేలికవి, ఇదీ వాళ్ళ వరస. ఆ లెక్కన అత్త పెట్టెను లారీలో అన్నిటికంటే అడుగున నెట్టబోయారు.

"అడుగున పెట్టొద్దు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. ఇనప పెట్టె గదా, బరువాపుతది అన్నాడాయన. పైగా దారిలో వానుంది, పైన కప్పిన పట్టా ఎక్కడన్న కారితే మీదున్నదే తడుస్తదని మంచికే చెప్పాడు. అయినా నేను కదల్లేదు, ఎందుకో చెప్పడమూ చాతకాలేదు. పొద్దుట్నుంచీ నవ్విన మా ఆయనే లేచొచ్చి, "అది పైనే పోతది తమ్ముడూ" అన్నాడు. ఖాళీగా పోతే పెట్టె సొట్ట పడుతుందని, నా చీరలు అందులో సర్దుతామన్నారు లారీ వాళ్ళు. అత్త పోయి అది నా దగ్గరికొచ్చిన ఇన్నేళ్ళలో నేను దాంట్లో ఒక్క గుడ్డముక్క పెట్టలేదు. కాసేపు తటపటాయించి, కానివ్వమన్నాను.

భద్రాచలం నుంచి కొత్తగూడెం దాటేదాకా వాన దంచికొట్టింది. కారులో జాడీలు పట్టుకుని, ముందు పోతున్న లారీ పట్టా వైపే కళ్ళు పెట్టుకుని కూర్చున్నాను. అత్త ఆ అరుగు మీద ఎట్లా కూర్చుందో అప్పుడు తెలిసింది.

ఇప్పుడు ఖమ్మంలో మూడో అంతస్తు. వానొచ్చినా ఏరెంతుందని అడిగే వాళ్ళు లేరు, అడక్కుండా ఎట్లా ఉంటారో నాకింకా వింతగానే ఉంది. పక్కింటి తలుపు మూసే ఉంటుంది. మా గింజలు మీ అటక మీద పెట్టుకోనిస్తారా అని వచ్చే అవసరం ఇక్కడ ఎవరికీ రాదు, మన పెట్టె దించే అవసరమూ మనకు రాదు. సుఖమే, కాదనను. ఆ సుఖంలో చిన్నమ్మ లాంటి వాళ్ళు మన వాకిట్లోకి వచ్చే దారి కూడా మూసుకుపోయిందని మాత్రం దిగులేస్తుంది.

సామాన్లు దింపి వాళ్ళు వెళ్ళాక మొదట ఆ పెట్టె మూతే తీశాను. చెయ్యి అడుగుదాకా పోనిచ్చి ఒక్కో మడతా తడిమి చూశాను. తర్వాత, ఇంట్లో మా ఆయన ఉన్నాడన్న సిగ్గు కూడా లేకుండా, చిన్నప్పటి లాగే పెట్టెలో తల పెట్టి పైకే చెప్పాను, "తడవలేదత్తా" అని.