కలిసిపోయిన పత్తి

జైనూర్ దగ్గరి మా చేనుకు రెండేళ్లు పురుగుమందు కొట్టలేదు. పట్నాల్లో జనం ఇప్పుడు పురుగుమందు వాడని పత్తి బట్టలే అడుగుతున్నారనీ, అలాంటి పత్తిని విడిగా కొంటామనీ ఒక బట్టల కంపెనీ ఆఫీసరు మా బాపును ఒప్పించాడు. వచ్చినప్పుడల్లా మా ఇంట్లోనే జొన్నరొట్టె తినేవాడు. మేం అవ్వ అని పిలిచే అమ్మా, నేనూ వేపగింజలు దంచి కషాయం కాచేవాళ్లం. అది చాలనప్పుడు అవ్వ చెట్టు చెట్టుకూ వంగి పురుగులను చేత్తో ఏరేది.

కిందటి చలికాలం పత్తి బండి మీద బాపుతో పాటు నేనూ గింజలు వేరుచేసే జిన్నింగు మిల్లుకు వెళ్లాను. కూలీలు మా పత్తిని దించి, పురుగుమందు కొట్టిన పత్తి కుప్ప మీదే పోశారు. బాపు పరుగున, అక్కడే ఉన్న కంపెనీ ఆఫీసరు దగ్గరికి వెళ్లాడు.

“సారూ, మాది అలగ్ పోస్తమంటిరి గద?”

“ఈడ అలగ్ పెట్టుడు కుదరది పెద్దాయనా. ఫికర్ జెయ్యకు, బట్టల మీద మందు లేని పత్తి అనే చీటీ పడ్తది.”

“మరి మాతోని గింత కష్టం ఎందుకు చేయిస్తిరి?”

“కొనేటోళ్లకు చూపెట్టనీకి చేను ఫొటోలు కావాలె గద,” అంటూ అతను ఫోనులో పడిపోయాడు.

ఇంటికి రాగానే అవ్వ ఎదురొచ్చింది.

“మన పత్తి మంచిగుందన్నరా?”

“మస్తు మంచిగుందన్నరు,” అన్నాడు బాపు, ఆమె ముఖం చూడకుండా. నేనూ నిజం చెప్పలేదు.

మళ్లీ వానాకాలంలో పురుగుమందు డబ్బా తెచ్చిన రోజు ఆయన అవ్వకు అంతా చెప్పక తప్పలేదు. ఆమె బాపును ఒక్క మాటా అనలేదు. ఆ ఏడు మాత్రం చేనుకు రాలేదు.