మోకరించలేకపోయిన దానియేలు

తల్లి గర్భంలోనే ఎముకలను, కీళ్ళను ఆశ్చర్యంగా కూర్చే పరమ తండ్రికి స్తోత్రం. ఇన్నేళ్ళు నన్ను రోగుల మధ్య నిలబెట్టి, నా తప్పులను కూడా నాకు పాఠాలుగా మార్చిన ఆయన నామానికి మహిమ కలుగును గాక.

1968లో నేను విజయనగరం దగ్గర ఒక మిషన్ ఆసుపత్రిలో మగవాళ్ళ వార్డు సిస్టర్‌ని. ఆ వేసవిలో జూట్ మిల్లు ఫుట్‌బాల్ జట్టు సెంటర్ ఫార్వర్డ్ దానియేలును ఇద్దరు మోసుకొచ్చారు. మా చర్చి సంఘస్థుడే. పరుగులో పాదం నేలమీద నిలిచిపోయి ఒళ్ళు మాత్రం తిరిగిందట. మోకాలు సగం వంగి అలాగే బిగుసుకుపోయింది. దాన్ని లాకింగ్ అంటాం. కీలులో మెత్తలా ఉండే మెనిస్కస్ చిరిగి, ఆ ముక్క ఎముకల మధ్య ఇరుక్కుంటుంది. డాక్టరుగారు మత్తిచ్చి కాలు సరిచేసి, తొడ నుంచి చీలమండ పైదాకా సిలిండర్ ప్లాస్టర్ వేశారు. మళ్ళీ పట్టేస్తే ఆపరేషన్ చేసి ముక్క తీయాల్సిందే అన్నారు.

దానియేలు మిల్లులో బదిలీ కూలీ. పర్మనెంటు వాళ్ళు రాని రోజునే అతనికి పని. వానాకాలం పోటీల్లో బాగా ఆడితే పర్మనెంటు చేస్తామని మేనేజరు మాటిచ్చాడు. అందుకే సంఘమంతా ఆ మోకాలి కోసం ఉపవాసం ఉంది.

నాలుగు వారాలకు ప్లాస్టర్ విప్పాం. కాలు చాచాడు, వంచాడు. నాకు ఆనందం ఆగలేదు.

"ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పెయ్యి," అన్నాను.

"ఇంకో రెండ్రోజులు సూసి సెప్తానక్కా."

"దేవుడి మేలుకి వాయిదా ఏటిరా?"

చెప్పాడు. కత్తి పెట్టకుండానే ప్రభువు బాగుచేశాడని చెప్పి, అందరి ముందు గెంతి చూపించాడు కూడా.

మూడు వారాల తర్వాత వాళ్ళింట్లో కుటుంబ ప్రార్థన జరిగింది. అందరం మోకరించాం. దానియేలు మాత్రం కాలు చాపి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ప్రార్థన కాగానే అతని భార్య మార్తమ్మను కుట్టుపని టేపు అడిగి తొడలు కొలిచాను. దెబ్బ తగిలిన వైపు తొడ, ప్లాస్టర్ విప్పిన నాటికంటే ఇంకా సన్నబడింది. నొప్పికి కాలు వాడకపోతే తొడ ముందు కండరం, క్వాడ్రిసెప్స్, అలా కరిగిపోతుంది.

"మళ్ళీ పట్టేస్తందా?"

జవాబు మార్తమ్మ చెప్పింది. "ఆయన్నేటి అడుగుతావక్కా? పొద్దున్న మంచం దిగాలంటే నా బుజం కావాల. సర్చీలో మాత్రం మేకపిల్లలా గెంతినాడు."

"నువ్వూరుకోయే," అని దానియేలు నావైపు తిరిగాడు. "అందరి ముందా సెప్పీసినానక్కా. ఇప్పుడు మల్లా నొప్పంటే దేవుడేటీ సెయ్యనట్టే కదా? పట్టీసినప్పుడల్లా నానే కాలు ఇదిలించుకుని సరిసేసుకుంటన్నాను. వచ్చీ వారం ఆడీసి, అప్పుడు సూపిత్తాను."

"ఆడితే ఆ కీలు నలిగిపోతాదిరా. ఆట కాదు, నడకే ఉండదు."

"ఆడకపోతే పనుండదు. మరి సంఘానికేటి సెప్పమంటావు?"

"నువ్వు చెప్పొద్దు. నేను చెప్తాను."

ఆదివారం లేచి నిలబడ్డాను. దానియేలు మోకాలు బాగవలేదని, తొందరపెట్టి చెప్పించింది నేనేనని ఒప్పుకున్నాను. వెనక కూర్చున్న ఒక ముసలామె అంది: "అయితే మల్లా పార్దన సేద్దాం. మోకాలు ఆడిది, సిగ్గు మీకెందుకు?"

మంగళవారం ఆపరేషన్ అయింది. తీసిన ముక్క నా చిటికెన వేలంత కూడా లేదు. కుట్లు విప్పాక పాదానికి ఇసుక సంచి కట్టి రోజూ కాలు ఎత్తించాను. పోటీలు దాటిపోయాయి. ఆ ఏడు పర్మనెంటు పని గోల్‌కీపరుకు దక్కింది. దానియేలు మరుసటి ఏడు మళ్ళీ ఆడాడు గానీ, పరుగు తగ్గి, వెనక బ్యాక్‌గా ఆడాడు. ఇంకో రెండేళ్ళు బదిలీ కూలీగానే ఉన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు.

బేత్సయిదా గుడ్డివాడిని ప్రభువు ముట్టాక, ఇంకా సరిగా కనిపించడం లేదని అతను ఆయన ముఖం మీదే చెప్పాడు. ఆయన కోపగించుకోలేదు, మళ్ళీ చెయ్యి వేశాడు. ఆ సంగతి చిన్నప్పటినుంచీ చదివినదాన్నే. అయినా నా చేతిలో రోగి ఉన్నప్పుడు గుర్తు రాలేదు. ఆ తర్వాత ఏ రోగినీ నేను "బాగుందా?" అని అడగలేదు. "ఇంకా ఎక్కడ నొప్పి?" అని అడిగాను.

బాగుపడ్డామని పదిమందిలో చెప్పేసి, నొప్పి దాచుకుంటున్నవాళ్ళు మన సంఘాల్లో ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళకు నోరు విప్పే ధైర్యం, వినే మనకు ఓపిక ఇమ్మని ఈ పూట నాతో కలిసి ప్రార్థించండి. ఆమేన్.